జింక వేటకు తక్కువగా తన్నే రైఫిల్ తూటా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు దాదాపు అన్నీ తిరుపతి, చిత్తూరు, పలమనేరు వైపుల నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడినవారో, ఇక్కడే ఉన్న వారి తల్లిదండ్రులో నన్ను అడిగినవి. నేను తిరుపతి వాసిని. చాలా ఏళ్ళుగా 50 మీటర్ల దూరంలో .22 రైఫిల్ కాల్చడం నా వ్యాపకం. మా అల్లుడు టెక్సాస్‌లో లైసెన్సు తీసుకుని వేటకు వెళ్ళే మనిషి కావడం వల్ల, అక్కడ గడిపిన నెలల్లో పెద్ద తూటాల రైఫిళ్ళు కూడా నా భుజానికి పరిచయమయ్యాయి. అడిగినవారికల్లా ఫోనులో చెప్పిందే చెప్పడం కంటే ఒకచోట రాసి ఉంచడం మేలనిపించింది.

తిరుపతి చుట్టుపక్కల అడవుల్లో జింకను కొట్టడానికి ఏ తూటా మంచిది?

ఏదీ కాదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చుక్కల దుప్పి, కణుజు, కృష్ణ జింక, కొండగొర్రె వంటి వాటిని వేటాడటం నేరం. శేషాచలం కొండలు 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. వాటిలోనే శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం ఉంది. అటు పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు తిరిగే కౌండిన్య అభయారణ్యం ఉంది. అభయారణ్యం బయట, సొంత పొలంలో, సొంత మామిడి తోటలో ఉన్నా సరే, చట్టం జంతువుకు వర్తిస్తుంది కాబట్టి స్థలం మీది కావడం వల్ల హక్కు రాదు. నాటు తుపాకీతో కొట్టినా, లైసెన్సున్న తుపాకీతో కొట్టినా నేరం నేరమే. నాటు తుపాకీ అయితే ఆయుధాల చట్టం కింద రెండో కేసు అదనంగా వస్తుంది. కింద చెప్పబోయేదంతా చట్టం అనుమతించిన దేశాల్లో, అనుమతించిన కాలంలో, లైసెన్సుతో వేటాడేవారి కోసం మాత్రమే.

మన చుక్కల దుప్పే టెక్సాస్‌లో కూడా ఉందంటారు, నిజమేనా?

నిజమే. తిరుపతి జూలో పిల్లలు కంచె దగ్గర నిలబడి చూసే ఆ చుక్కల దుప్పినే అక్కడ ‘యాక్సిస్ డీర్’ అంటారు. 1930 దశకం మొదట్లో దాన్ని టెక్సాస్‌కు తీసుకువెళ్ళారు. అక్కడ హిల్ కంట్రీ అనే గుట్టల ప్రాంతపు వాతావరణం మన రాయలసీమ గుట్టల మాదిరే ఉండటం వల్ల కాబోలు, బాగా పెరిగి, ఆసాముల భూముల నుంచి తప్పించుకుని, స్థానికమైన తెల్లతోక జింకల మేతకు పోటీ అయింది. అది అక్కడి సహజ జంతువు కాదు కాబట్టి రాష్ట్రం దానికి వేట కాలమూ, ఇన్ని మాత్రమే కొట్టాలనే పరిమితీ పెట్టలేదు. వేట లైసెన్సు, భూమి యజమాని అనుమతి ఉంటే చాలు. ఇక్కడ తాకితే జైలు, అక్కడ కొడితే రైతు సంతోషం అన్నమాట. కృష్ణ జింక, నీలుగాయి కూడా ఇలాగే మన దేశం నుంచి అక్కడికి చేరినవే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 1886లో వదిలిన చుక్కల దుప్పుల సంతతి ఇప్పటికీ ఉంది.

హెచ్-1బి వీసా మీదో, విద్యార్థి వీసా మీదో ఉన్నవారు రైఫిల్ ముట్టుకోవచ్చా?

తూటా సంగతి కంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇది, కానీ చాలామంది చివర అడుగుతారు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీనీ తూటాలనూ కలిగి ఉండకూడదు. దీనికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండటం. అంటే మిత్రుడి రైఫిల్‌ను కాసేపు పట్టుకుని చూసే ముందు కూడా లైసెన్సు ఉండాలి; ‘ఒక్క రౌండే కదా’ అనే మాట అక్కడ చెల్లదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. లైసెన్సు గడువు తీరిన రోజునే ఆ మినహాయింపూ తీరిపోతుంది కాబట్టి, తేదీని పాస్‌పోర్టు తేదీ అంత శ్రద్ధగా చూసుకోవాలి. వీసా మార్పు దరఖాస్తు నడుస్తున్నవారు ముందుగా తమ న్యాయవాదిని అడగటం మంచిది.

టెక్సాస్‌లో వేటాడాలంటే 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు సాధారణంగా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేసి ఉండాలి. నేను అంతకు ముందే పుట్టినవాణ్ణి కాబట్టి నాకు అవసరం లేకపోయింది. అయినా కూర్చుని చదివాను. తుపాకీతో కంచె ఎలా దాటాలి, జింక వెనుక ఏముందో చూడకుండా ఎందుకు కాల్చకూడదు అన్నవి అందులో చక్కగా చెబుతారు.

తూటా, బుల్లెట్, కాలిబర్ అనేవి ఒకటేనా?

మన మాటల్లో కలిసిపోయాయి గానీ వేరువేరు. ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బిగించిన బుల్లెట్ – ఈ నాలుగూ కలిస్తే తూటా. కాలిబర్ అంటే గొట్టం లోపలి వ్యాసానికి, సాధారణంగా అంగుళాల్లో, ఇచ్చే కొలత. ఒకే కాలిబర్‌లో ఎన్నో తూటాలు ఉంటాయి: .308 వించెస్టర్, .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్, .300 వించెస్టర్ మాగ్నమ్ మూడింటిలోనూ బుల్లెట్ వ్యాసం ఒకటే, మందు మోతాదు వేరు, కాబట్టి తన్నూ వేరు. బుల్లెట్ బరువును గ్రెయిన్లలో చెబుతారు. 7000 గ్రెయిన్లు ఒక పౌను. దుకాణంలో ‘థర్టీ కాలిబర్ ఇవ్వండి’ అనకుండా, రైఫిల్ గొట్టం మీద చెక్కి ఉన్న తూటా పేరునే అక్షరం పొల్లు పోకుండా అడగాలి. ఒక తూటాకు చేసిన రైఫిల్‌లో మరొకటి పెట్టి కాలిస్తే గొట్టం పేలిపోయే ప్రమాదం ఉంది.

రైఫిల్ ఎందుకు తన్నుతుంది? ఆ దెబ్బను లెక్క కట్టవచ్చా?

తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో చదివిన న్యూటన్ మూడో సూత్రమే ఇది. ముందుకు పోయే బుల్లెట్‌కూ, దాని వెనకే చిమ్ముకుపోయే వాయువుకూ ఎంత ద్రవ్యవేగం ఉంటుందో అంత ద్రవ్యవేగం రైఫిల్‌కు వెనక్కి వస్తుంది. చాలామంది బుల్లెట్‌ను మాత్రమే లెక్కలోకి తీసుకుని మందును మరచిపోతారు. కానీ కాలిన మందు కూడా గొట్టం మూతి నుంచి బుల్లెట్ కంటే వేగంగా బయటికి పోతుంది. మందు ఎక్కువ పట్టే మాగ్నమ్ తూటాలు అంత కఠినంగా తన్నడానికి సగం కారణం అదే.

లెక్క ఇలా కట్టవచ్చు. బుల్లెట్ బరువును గ్రెయిన్లలో తీసుకుని దాని వేగంతో, అంటే సెకనుకు ఎన్ని అడుగులో దానితో గుణించాలి. మందు బరువును దాదాపు 4000తో గుణించి దానికి కలపాలి. మొత్తాన్ని 7000తో భాగించి, వచ్చినదాన్ని రైఫిల్ బరువుతో, అంటే స్కోప్‌తో (గురి చూసే దుర్భిణితో) కలిపి ఎన్ని పౌన్లో దానితో భాగిస్తే, రైఫిల్ వెనక్కి వచ్చే వేగం సెకనుకు ఇన్ని అడుగులని తేలుతుంది. ఆ వేగాన్ని దానితోనే గుణించి, రైఫిల్ బరువుతో గుణించి, 64.4తో భాగిస్తే రీకాయిల్ శక్తి, అంటే తన్ను బలం, అడుగు-పౌన్లలో వస్తుంది. ఒక కాగితం, ఫోనులోని కాలిక్యులేటర్ చాలు.

ఎనిమిది పౌన్ల రైఫిల్ అనుకుని నేను కట్టిన అంకెలు దాదాపుగా ఇవి: .223 రెమింగ్టన్ 3, .350 లెజెండ్ 8, .243 వించెస్టర్ 8, 6.5 క్రీడ్‌మూర్ 12, 7 ఎంఎం-08 రెమింగ్టన్ 13, 150 గ్రెయిన్ల బుల్లెట్‌తో .308 వించెస్టర్ 15, 180 గ్రెయిన్లతో .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ 20, .300 వించెస్టర్ మాగ్నమ్ 27. మందు రకాన్ని బట్టి ఒకటి రెండు అటూ ఇటూ అవుతాయి, వరుస మాత్రం మారదు.

వీటిలో ఎంతవరకు ‘తక్కువ’ అనుకోవాలి?

నా అనుభవంలో పదీ పన్నెండు అడుగు-పౌన్ల వరకు కొత్తవారు కూడా ఒక పూట ఇరవై తూటాలు కాల్చి నవ్వుతూ లేస్తారు. పదిహేను దాటితే అలవాటు కావాలి. ఇరవై దాటాక, మగతనం చూపించుకోవడానికి వచ్చినవారు కూడా ఐదో తూటా నుంచి కళ్ళు మూసుకుని మీట నొక్కుతారు.

ఇది నేను ఎగతాళిగా అన్న మాట కాదు, నాకే జరిగింది. మొదటిసారి టెక్సాస్ వెళ్ళినప్పుడు ఎవరిదో తేలికైన .30-06 రైఫిల్‌ను బల్ల మీద ముందుకు వంగి కూర్చుని, స్కోప్‌కు కన్ను మరీ దగ్గరగా పెట్టి కాల్చాను. స్కోప్ అంచు కనుబొమ్మను కోసింది. గాయం వారంలో మానింది గాని, ఆ తరువాత ఏ పెద్ద రైఫిల్ పట్టినా మీట కదిలే ముందే భుజం బిగుసుకుపోయేది. ఆ బెదురు పోవడానికి తిరుపతికి తిరిగివచ్చి ఆరు నెలలు .22తో కసరత్తు చేయవలసి వచ్చింది. ఇరవై ఏళ్ళుగా గురి చూస్తున్నవాడికే ఇలా అయితే, దసరా సెలవుల్లో మొదటిసారి రైఫిల్ పట్టే అబ్బాయి సంగతి ఊహించండి.

తక్కువగా తన్నేదానితో జింక పడుతుందా, లేక గాయపడి పారిపోతుందా?

జింకను పడేసేది బుల్లెట్ తగిలిన చోటు. ముందరి కాలికి సరిగ్గా వెనుక, ఛాతీ కింది అంచు నుంచి మూడో వంతు ఎత్తులో తగిలిన బుల్లెట్ గుండెనో, రెండు ఊపిరితిత్తులనో చీల్చుకుపోతుంది. .243 బుల్లెట్ అక్కడ తగిలితే జింక వంద గజాలు కూడా వెళ్ళదు; .300 మాగ్నమ్ బుల్లెట్ పొట్టలో తగిలితే రాత్రంతా వెతికినా దొరక్కపోవచ్చు, ఆ జంతువు పడే బాధ చెప్పనలవి కాదు. పెద్ద తూటా గురి తప్పును సరిదిద్దుతుందన్న నమ్మకం వేటగాళ్ళలో గట్టిగా ఉంది; నేను దాన్ని ఒప్పుకోను. గురి తప్పడానికి ఆ పెద్ద తూటా తన్నే కారణమైనప్పుడు, అదే దానికి మందు ఎలా అవుతుంది?

అయితే కింది హద్దు ఒకటి ఉంది. జింకను చేరేసరికి బుల్లెట్‌లో వెయ్యి అడుగు-పౌన్ల శక్తి మిగిలి ఉండాలన్నది అమెరికాలో పాతకాలం నుంచి ఉన్న ఒక అంచనా. అది శాస్త్రం కాదు, చేతి కొలత వంటిది. అయినా కొత్తవారికి పనికివస్తుంది. .243 నుంచి వచ్చే 100 గ్రెయిన్ల బుల్లెట్ గొట్టం మూతి దగ్గర సుమారు 1950 అడుగు-పౌన్లతో బయలుదేరి, 200 గజాల దగ్గర కూడా ఈ హద్దుకు బాగా పైనే ఉంటుంది. హిల్ కంట్రీలో మంచె మీద నుంచి మేత పెట్టిన చోటుకు దూరం చాలావరకు వంద గజాలు.

.243 వించెస్టర్ చాలునా?

తెల్లతోక జింకకూ, చుక్కల దుప్పికీ చాలు. 1955లో వచ్చిన ఈ తూటా, .308 గుల్ల మెడను 6 మిల్లీమీటర్ల బుల్లెట్‌కు సరిపడేలా సన్నం చేసినది. అమెరికాలో ఎందరో పిల్లలు మొదటి జింకను దీనితోనే కొట్టారు. అదే కారణంగా దీన్ని ‘పిల్లల తూటా’ అని తీసిపారేసేవారున్నారు. నా అభిప్రాయంలో ఇది పిల్లల తూటా కాదు, నిదానస్తుల తూటా. బుల్లెట్ చిన్నది కాబట్టి భుజం ఎముక మీద ఏటవాలుగా తగిలితే క్షమించదు. జింక పక్కకు తిరిగి నిలబడేదాకా ఓపిక పట్టగలవారికి ఇంతకంటే సుఖమైనది లేదు. 95 నుంచి 100 గ్రెయిన్ల వేట బుల్లెట్ తీసుకోవాలి. నక్కల వంటి చిన్న జంతువుల కోసం చేసిన 55, 60 గ్రెయిన్ల పల్చని బుల్లెట్లు జింక చర్మం కిందే చిట్లిపోతాయి.

6.5 క్రీడ్‌మూర్ కొనాలా, 7 ఎంఎం-08 కొనాలా?

వారానికి ఒకసారైనా వచ్చే ప్రశ్న ఇది. 6.5 క్రీడ్‌మూర్ 2007లో హార్నడీ సంస్థ దూరపు గురి పోటీల కోసం తెచ్చినది. 143 గ్రెయిన్ల పొడవాటి బుల్లెట్ సెకనుకు 2700 అడుగుల వేగంతో బయలుదేరి, గాలిని సులువుగా కోసుకుపోతుంది కాబట్టి దూరం వెళ్ళినా వేగం తక్కువగా కోల్పోతుంది. 7 ఎంఎం-08 రెమింగ్టన్ 1980లో వచ్చింది; .308 గుల్లకే మెడ సన్నం చేసి, 140 గ్రెయిన్ల బుల్లెట్‌ను సెకనుకు సుమారు 2800 అడుగులతో పంపుతుంది. రెండూ భుజం మీద దాదాపు ఒకేలా తన్నుతాయి. జింకకు ఆ తేడా అసలే తెలియదు.

తేడా ఉన్నది దుకాణంలో. క్రీడ్‌మూర్ తూటాలు చిన్న ఊరి సరుకుల దుకాణంలో కూడా దొరుకుతాయి, రకాలు ఎక్కువ, రైఫిళ్ళూ ఎక్కువ. 7 ఎంఎం-08 కోసం కొన్నిసార్లు వెతకాలి. అందుకని పెద్దవారు మొదటి రైఫిల్ కొంటుంటే నేను క్రీడ్‌మూర్ అనే చెబుతాను. ఇప్పటికే ఇంట్లో 7 ఎంఎం-08 ఉన్నవారు దాన్ని అమ్మి క్రీడ్‌మూర్ కొంటామంటే మాత్రం, ఆ డబ్బుతో తూటాలు కొనుక్కుని కసరత్తు చేయమంటాను. 1997లో వచ్చిన .260 రెమింగ్టన్ కూడా క్రీడ్‌మూర్‌కు దాదాపు జంటే, కాని అంగట్లో వెనకబడిపోయింది.

మా నాన్న ‘సెవెన్ ఎంఎం మౌజర్’ అంటుంటారు. అది పాతబడిపోయిందా?

1892 నాటి ఆ 7×57 మౌజర్ తూటా పాతదే గాని పనికిరానిది కాదు. ఇంగ్లండ్‌లో దాన్నే .275 రిగ్బీ అన్నారు. 1926లో రుద్రప్రయాగ చిరుతను జిమ్ కార్బెట్ కొట్టింది ఆ తూటాతోనే. మనుషుల్ని తినే చిరుతకు సరిపోయింది జింకకు సరిపోదా? అలాగే 1894 నాటి 6.5×55 స్వీడిష్ తూటాతో స్కాండినేవియాలో ఇప్పటికీ గుర్రమంత ఎత్తుండే మూస్‌ను వేటాడతారు. రెండూ మెత్తగా తన్నేవే. కొత్తగా కొనేవారికి ఇబ్బంది ఒక్కటే: ఎన్నో పాత రైఫిళ్ళు ఇంకా వాడుకలో ఉండటం వల్ల, అమెరికా తయారీదారులు ఈ తూటాలను తక్కువ పీడనంతో నింపుతారు.

.30-30, .350 లెజెండ్ ఎవరికి?

.30-30 వించెస్టర్ 1895 నాటిది, లివర్ లాగి కాల్చే పొట్టి రైఫిళ్ళలో వస్తుంది. చెట్ల మధ్య వంద, నూట ఇరవై గజాల లోపల హాయిగా పనిచేస్తుంది. 150 గ్రెయిన్ల మామూలు బుల్లెట్ 200 గజాలకు చేరేసరికి వెయ్యి అడుగు-పౌన్ల కిందికి దిగిపోతుంది. ఆ రైఫిళ్ళు తేలిక కాబట్టి, అంకె తక్కువగా కనిపించినా భుజానికి కొంత గట్టిగానే తగులుతుంది.

.350 లెజెండ్ 2019లో పుట్టడానికి కారణం చట్టం. ఒహాయో వంటి కొన్ని రాష్ట్రాల్లో ఊళ్ళు దగ్గరగా ఉండి, దూరం వెళ్ళే తూటాలు ప్రమాదమని, మెడ సన్నం కాకుండా నిట్టనిలువుగా ఉండే గుల్లల తూటాలనే జింక వేటకు అనుమతిస్తారు. అక్కడ ఉన్నవారికి మెత్తగా తన్నేదాన్ని ఎంచుకోవాలంటే ఇదే మంచిది. నూట యాభై గజాల లోపు వాడుకోవాలి.

.223 అయితే అసలు తన్నదు కదా, దానితో కొట్టకూడదా?

కొన్ని రాష్ట్రాల్లో కొట్టవచ్చు, కొన్నింటిలో నేరం. వర్జీనియాలో జింకకు .23 కాలిబర్ కంటే తక్కువ రైఫిల్ పనికిరాదు, కొలరాడోలో కనీసం .24 ఉండాలి. టెక్సాస్ ఒప్పుకుంటుంది. నేను మాత్రం కొత్తవారికి వద్దంటాను. బుల్లెట్ ఎంపికలోనూ, గురిలోనూ తప్పుకు చోటివ్వని తూటా అది. దానితో ఏటా జింకలు కొట్టేవారు చేయి తిరిగినవారు.

రాష్ట్రాన్ని బట్టి నియమాలు ఇంతగా మారతాయా?

మారతాయి. మనవాళ్ళు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో జింకను ఇలాంటి సెంటర్‌ఫైర్ (గుల్ల అడుగున నట్టనడుమ ప్రైమర్ ఉండే తూటాల) రైఫిల్‌తో వేటాడనివ్వరు. షాట్‌గన్, విల్లు, మూతి నుంచి మందు కూరే తుపాకీ వాడాలి. కాబట్టి అక్కడివారు ఈ పేజీ చదివి రైఫిల్ కొని తెచ్చుకుని చిక్కుల్లో పడవద్దు. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకు సీసం లేని బుల్లెట్లే వాడాలి. ఇంగ్లండ్‌లో డాక్టర్లుగా ఉన్న మన పిల్లలు అడిగారు కాబట్టి చెబుతున్నాను: అక్కడ పెద్ద జింకలకు .240 కాలిబర్, గొట్టం మూతి దగ్గర 1700 అడుగు-పౌన్ల శక్తి కనీసం ఉండాలి, అంటే .243 సరిగ్గా హద్దు దాటి నిలబడుతుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో చుక్కల దుప్పికి .243 చాలు, కణుజుకు మాత్రం అంతకంటే పెద్ద కాలిబర్, బరువైన బుల్లెట్ కావాలి. ఏ ఏడాదికి ఆ ఏడాది ఆ రాష్ట్రపు వన్యప్రాణి శాఖ పుస్తకం చూసుకోవాలి.

నీలుగాయి, కణుజు వంటి పెద్దవాటికి కూడా ఇవే వాడవచ్చా?

వాడవద్దు. దక్షిణ టెక్సాస్‌లోని నీలుగాయి మగది ఐదారు వందల పౌన్లు తూగుతుంది, చర్మం మందం, గాయపడినా పరుగు ఆపదు. దానికి .300 మాగ్నమ్ వంటివే వాడమని అక్కడి గైడ్లు పట్టుబడతారు, వారి మాట సబబే. ఇక్కడ తన్నును భరించాలి, లేదా ఆ వేట మానుకోవాలి.

బుల్లెట్ రకం ఎలా ఎంచుకోవాలి?

తూటా పేరు మీద నెలల తరబడి వాదించుకుని, బుల్లెట్‌ను మాత్రం చేతికి అందిన పెట్టెలోంచి తీసుకుంటారు. చిన్న కాలిబర్‌లో బుల్లెట్ నిర్మాణం మరీ ముఖ్యం. వేట బుల్లెట్ తగిలాక పుట్టగొడుగులా విప్పారాలి, కాని ముక్కలైపోకూడదు. సీసాన్ని రాగి తొడుగుకు అతికించిన బుల్లెట్లు, పూర్తిగా రాగితో చేసిన బుల్లెట్లు ఈ పని బాగా చేస్తాయి. రాగి సీసం కంటే తేలిక కాబట్టి, అంతే బరువున్న రాగి బుల్లెట్ పొడవుగా ఉంటుంది. పొడవైన దానిని గొట్టం లోపలి మెలిక గాడులు తగినంత గట్టిగా తిప్పలేకపోతే గాలిలో తూలుతుంది. అందుకని రాగిలో ఒక మెట్టు తేలికది తీసుకోవడం వాడుక: .243లో 80 లేదా 85 గ్రెయిన్లది. తేలికది కాబట్టి తన్నూ కొంత తగ్గుతుంది. పోటీలకు చేసిన బుల్లెట్లూ, పూర్తిగా తొడుగు కప్పిన సైనిక బుల్లెట్లూ జింకకు వాడకూడదు.

తూటా మార్చకుండానే తన్ను తగ్గించుకోవచ్చా?

తగ్గించుకోవచ్చు, పైగా ముందు చేయవలసింది అదే. పై లెక్కలో .243ను ఎనిమిది పౌన్ల రైఫిల్‌కు బదులు ఆరు పౌన్ల దానిలో పెడితే ఎనిమిది కాస్తా పదకొండు అవుతుంది. కొండలెక్కే వేటగాళ్ళకోసం చేసిన ఈకంత తేలిక రైఫిల్‌ను, మంచె మీద కూర్చునేవారు కొనడం డబ్బిచ్చి దెబ్బలు కొనుక్కోవడమే. భుజానికి ఆనించే కర్ర భాగమైన బట్ చివర మంచి రబ్బరు ప్యాడ్ ఉంటే అంతే శక్తి కాస్త ఎక్కువ సేపటికి పంచుకుని, గుద్దులా కాకుండా తోపులా అనిపిస్తుంది. బట్ పొడవు మన చేతికి సరిపోవాలి. అమెరికా రైఫిళ్ళు వారి కొలతలకు చేసినవి కాబట్టి, అయిదడుగుల రెండు అంగుళాల మన ఆడపిల్లకు అది పొడవై, బట్ భుజం గుంటలో కుదరక చేతి కండ మీద గుద్దుతుంది. ఆమె ‘నాకిది చేతకాదు’ అనుకుని వదిలేస్తుంది. తప్పు ఆమెది కాదు, అంగుళంన్నర కర్రది.

గొట్టం మూతికి బిగించే మజిల్ బ్రేక్ తన్నును గణనీయంగా తగ్గిస్తుంది, కాని వాయువును పక్కలకు మళ్ళించడం వల్ల చప్పుడు కాల్చేవారి మీదికీ, పక్కనున్నవారి మీదికీ వస్తుంది. చెవి రక్షణ లేకుండా ఒక్క తూటా కూడా వద్దు. నాకు బ్రేక్ నచ్చదు. దానికంటే ఒక పౌను ఎక్కువ బరువున్న రైఫిల్ మేలు.

పన్నెండేళ్ళ మనవడికి ఏది కొనమంటారు?

పొట్టి బట్ ఉన్న .243. అంతకు ముందు ఒక ఏడాది .22.

బెదురు పోగొట్టుకోవడానికి కసరత్తు ఎలా చేయాలి?

ముందు ఖాళీ రైఫిల్‌తో, తూటాలు వేరే గదిలో పెట్టి, గోడ మీద చుక్కను చూస్తూ మీట నొక్కడం అలవాటు చేసుకోవాలి. మీట టక్కుమన్నప్పుడు గురి కదలకూడదు. తరువాత .22తో వందల తూటాలు. వేట రైఫిల్‌తో ఒక పూటకు పది, పదిహేను మించవద్దు. భుజం నొప్పి మొదలయ్యాక కాల్చే ప్రతి తూటా తప్పుడు అలవాటును నేర్పుతుంది. ఒక తనిఖీ ఉంది: మిత్రుడు మనకు కనబడకుండా ఒకసారి నిజం తూటా, ఒకసారి డమ్మీ తూటా పెట్టి రైఫిల్ అందించాలి. డమ్మీ పడినప్పుడు గొట్టం ముందుకు కుంగితే బెదురు ఇంకా ఉన్నట్టే. ఈ పరీక్షలో సిగ్గుపడని పెద్దమనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

బల్ల మీద కూర్చుని కాల్చేటప్పుడు ఛాతీ నిటారుగా ఉంచాలి. ముందుకు వంగితే శరీరం కదలక దెబ్బంతా భుజం మింగుతుంది. స్కోప్‌కు కంటికి మధ్య మూడున్నర అంగుళాల ఎడం. ఇది నా కనుబొమ్మ చెప్పే మాట.

వేరుశనగ చేనును అడవి పందులు, జింకలు పాడుచేస్తున్నాయి. లైసెన్సు తుపాకీ ఉంది, కొట్టవచ్చా?

పంట రక్షణకు తుపాకీ లైసెన్సు ఇచ్చారంటే జంతువును చంపడానికి అనుమతి ఇచ్చినట్టు కాదు. అది వేరు చట్టం, ఇది వేరు చట్టం. పంటకు ముప్పుగా మారిన జంతువు విషయంలో సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద అనుమతి ఇచ్చే అధికారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కూ, ఆయన అధికారం ఇచ్చిన అధికారికీ ఉంది. రేంజ్ ఆఫీసులో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, నష్టపోయిన చేను ఫోటోలు జతచేసి, పరిహారం అడగాలి. జాప్యం జరుగుతుంది, కోపం వస్తుంది, తెలుసు. మా బంధువుల చేనూ పోయింది. అయినా దారి అదొక్కటే.

అక్కడి నుంచి వచ్చేటప్పుడు జ్ఞాపకంగా ఖాళీ గుల్లో, కొమ్ములో తెచ్చుకోవచ్చా?

రెండూ వద్దు. వేటకు వాడిన సంచినే ప్రయాణానికి సర్దుకుని, అడుగు జేబులో మరచిపోయిన ఒక్క తూటాతో విమానాశ్రయంలో పట్టుబడేవారున్నారు. ఇండియాలో లైసెన్సు లేకుండా నిజం తూటా ఒక్కటి ఉన్నా ఆయుధాల చట్టం కింద కేసే. ‘చూసుకోలేదు’ అని నిరూపించుకోవడానికి కోర్టు చుట్టూ తిరగాలి. ఖాళీ గుల్ల అయినా తనిఖీ దగ్గర గంటలు పోతాయి. కొమ్ముల సంగతికొస్తే, టెక్సాస్ దుప్పి కొమ్ముకూ తలకోన దుప్పి కొమ్ముకూ తేడా కస్టమ్స్ అధికారి కాదు కదా, ఆ దుప్పిని కొట్టినవాడు కూడా చెప్పలేడు. మన దేశంలో వాటి వ్యాపారం నిషిద్ధం. వేట సంచిని అక్కడే, అల్లుడి గ్యారేజీలో వదిలేసి, బట్టల పెట్టెను మాత్రమే రేణిగుంటకు తీసుకురండి. పెట్టె సర్దాక జేబులన్నీ ఒకసారి తిరగేసి దులపండి.